వన్ టౌన్‌లో పంపు స్టవ్వుల కొట్టు: నాన్నగారి ప్రైమస్ మళ్లీ వెలిగింది

విజయవాడ వన్ టౌన్‌లో, కాళేశ్వరరావు మార్కెట్ వెనక సందుల్లో, పంపు స్టవ్వులు, పెట్రోమాక్స్ లైట్లు బాగుచేసే చిన్న కొట్టు ఒకటి ఉంది. బోర్డు లేదు. గుమ్మానికి వేలాడే రెండు ఇత్తడి బర్నర్లే గుర్తు. లోపల ఒక పెద్దాయన, ఆయన కొడుకు. నా దగ్గరున్న పాత క్యాంపు స్టవ్వును ఆయన చేత బాగుచేయించుకున్నాను. ఇలాంటి స్టవ్వు ఇంట్లో అటక మీద పెట్టుకుని, ఎవరికివ్వాలో తెలియక ఊరుకున్నవాళ్లు మన విజయవాడ, గుంటూరుల్లో చాలామందే ఉంటారు. వాళ్ల కోసం ఇది కాస్త వివరంగా రాస్తున్నాను.

స్టవ్వు సంగతి ముందు చెప్పాలి. మా నాన్నగారు నాగార్జునసాగర్ కుడి కాలువ సర్వేలో పనిచేశారు. 1955 డిసెంబరులో నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు అది. నాన్న చేరేటప్పటికి పని జోరుగా సాగుతోంది. మాచర్ల వైపు నుంచి నరసరావుపేట దాకా కాలువ వెంట డేరాలే ఆయన ఇల్లు. అప్పుడు బదిలీ మీద వెళ్తున్న ఒక ఇంజనీరుగారు ఈ స్టవ్వును ఆయనకిచ్చి వెళ్లారట. ప్రైమస్ కంపెనీ 96 నంబరు మోడల్. స్వీడన్‌లో చేసినది. కాళ్లు ఊడదీసి, బర్నరు విప్పి, అంతా ఒక రేకు డబ్బాలో సర్దుకోవచ్చు. పెద్ద టిఫిన్ డబ్బా అంతే ఉంటుంది. ఎవరెస్టు ఎక్కిన జట్టు 1953లో మంచు కరిగించుకున్నది ప్రైమస్ మీదే అని, 1911లో దక్షిణ ధ్రువానికి వెళ్లిన ఆముండ్‌సెన్ బండిలోనూ ప్రైమసే ఉందని నాన్న మాకు అన్నం తినిపిస్తూ చెప్పేవారు. తర్వాత చదివితే రెండూ నిజమేనని తేలింది.

ఆయన పోయాక డబ్బా అటకెక్కింది. నేను గుంటూరులో వృక్షశాస్త్రం చెబుతాను. పిల్లల్ని తెల్లవారుజామున పొలాలకు, చెరువుగట్లకు తీసుకెళ్తుంటాను. చలికాలంలో వాళ్లకు అక్కడికక్కడ వేడి టీ ఇవ్వాలని కోరిక. అందుకే నిరుడు వేసవిలో డబ్బా దించాను.

అసలు తప్పు అక్కడే జరిగింది. దగ్గర్లో ఉంది కదా అని మా ఊళ్లోనే గ్యాస్ స్టవ్వులు బాగుచేసే ఒక షాపులో ఇచ్చాను. షాపు పేరు రాయను. మూడు రోజుల్లో మెరిసేలా పాలిష్ పెట్టి ఇచ్చారు. డాబా మీద స్పిరిట్ పోసి వేడి చేసి, గాలి కొట్టి వెలిగించాను. రెండు నిమిషాలు చక్కగా నీలంగా మండింది. తర్వాత బర్నరు మొదట్లో చిన్న పసుపు మంట కనిపించింది. చూస్తుండగానే అది మోచెయ్యంత ఎత్తు లేచింది. గాలి వదిలే మర తిప్పి, తడి గోనెసంచి కప్పాను కాబట్టి ఆరిపోయింది. చెయ్యి కాలలేదు గానీ ఆ టెన్షన్ వారం రోజులు వదల్లేదు. విప్పి చూస్తే బర్నరుకూ టాంకుకూ మధ్య రబ్బరు వాషరు వేసి ఉంది. అది కరిగి నల్లటి జిగురైంది. అక్కడ ఉండాల్సింది సీసం వాషరు. ఆ సంగతి నాకు వన్ టౌన్ కొట్టులో తెలిసింది.

ఆ కొట్టు గురించి మా కాలేజీ ల్యాబ్ అటెండరు చెప్పారు. వాళ్ల ఊళ్లో తిరునాళ్లకు పెట్రోమాక్స్ లైట్లు అద్దెకిచ్చేవారట, అవన్నీ అక్కడే బాగుచేయించేవారట. నేను బస్సులో వెళ్లి, నెహ్రూ బస్ స్టేషన్ నుంచి ఆటో పట్టుకున్నాను. ఒక మాట గుర్తుంచుకోండి. బస్సయినా రైలయినా స్టవ్వులో చుక్క కిరసనాయిలు ఉండకూడదు. ముందు రోజే ఒంపేసి, మూత తీసి గాలికి ఆరబెట్టి, వాసన పోయాకే సంచిలో పెట్టుకోండి.

పెద్దాయన స్టవ్వు చేతికి తీసుకోగానే వెలిగించి చూడలేదు. మొదట ఊపి చెవి దగ్గర పెట్టుకున్నారు. లోపల ఏదో గలగలమంది. "తుప్పు కాదమ్మా, ఇసక. మీ నాన్నగారు కాలువ నీళ్లతో కడిగి ఉంటారు" అన్నారు. తర్వాత పంపు రాడ్డు లాగి, బొటనవేలితో గొట్టం మూసి చూశారు. తర్వాత అడుగు తిప్పి, ఇత్తడి మీద కొట్టిన ముద్ర పక్కనున్న చిన్న అక్షరం చూపించారు. ప్రైమస్ వాళ్లు ఏ ఏడాది చేసిన స్టవ్వుకు ఆ ఏడాది గుర్తు అక్షరం కొట్టేవారట. ఇన్నేళ్లుగా ఆ డబ్బా మా ఇంట్లో ఉంది, ఆ అక్షరం మాలో ఎవరమూ చూడలేదు.

అప్పుడు నేను జరిగింది చెప్పాను. ఆయన బర్నరు విప్పి, ఆ జిగురును గోటితో గీరి, కొడుకు చేతికిచ్చి "ఇది చూడు, ఇలా ఎప్పుడూ చేయకు" అన్నారు. గుంటూరు షాపువాళ్లను ఒక్క మాట అనలేదు. రబ్బరు ఎందుకు వేయకూడదో మాత్రం వివరంగా చెప్పారు. నాకు ఆయన మీద గౌరవం అక్కడ మొదలైంది.

ఆయన చెప్పినదాన్ని నా మాటల్లో రాస్తాను, ఎందుకంటే ఇది అర్థమైతే ఎవరు సరిగ్గా బాగుచేస్తున్నారో, ఎవరు చేయడం లేదో మీకే తెలుస్తుంది. పంపు స్టవ్వులో వత్తి ఉండదు. 1892లో స్టాక్‌హోంలో లిండ్‌క్విస్ట్ అనే ఆయన చేసిన మార్పు అదే. టాంకులో గాలి కొడితే ఆ ఒత్తిడికి కిరసనాయిలు గొట్టంలో పైకెక్కి బర్నరులోకి వెళ్తుంది. బర్నరు అప్పటికే స్పిరిట్ మంటతో కాలి ఉంటే, ఆ వేడికి నూనె ఆవిరవుతుంది. ఆ ఆవిరి బర్నరు మధ్యలో ఉండే నిపిల్ అనే చిన్న మరలోని సన్నటి రంధ్రం గుండా బయటికి దూకి, గాలితో కలిసి, మసి లేకుండా నీలంగా మండుతుంది. ఆ మంటే బర్నరును వేడిగా ఉంచుతుంది కాబట్టి తర్వాత స్పిరిట్ అక్కర్లేదు. అంటే బర్నరు మొదట్లో ఉండే వాషరు ఒకవైపు ఒత్తిడినీ మరోవైపు వేడినీ ఆపాలి. రబ్బరు వేడికి ఆగదు. సీసం మెత్తన, బిగించగానే సందుల్లోకి ఒదిగిపోతుంది. బర్నరు కింది భాగాన్ని లోపల ప్రవహించే నూనె చల్లబరుస్తుంటుంది కాబట్టి సీసం కరగదు. క్యాంపు స్టవ్వుకు ప్రతిసారీ బర్నరు విప్పి బిగించాలి కాబట్టి ఆ వాషరు త్వరగా అరుగుతుంది. ఆయన మూడు సీసం వాషర్లు అదనంగా ఇచ్చారు. వాటిని ఆయనే సీసపు రేకులోంచి గుండ్రంగా కత్తిరిస్తారు.

ఇక పని. నేను అక్కడ కూర్చుని చూసింది కొంత, తర్వాత ఆయన చెప్పింది కొంత.

పంపు రాడ్డు చివర తోలు వాషరు ఉంటుంది, గిన్నె ఆకారంలో. మాది ఎండి చెక్కలా అయింది. దాన్ని మార్చేస్తారనుకున్నాను. ఆయన మార్చలేదు. "ఈ తోలు ఇంకా బతికే ఉందమ్మా" అని ఆముదంలో నానవేశారు. కొబ్బరి నూనె వద్దన్నారు. చలికాలం రాత్రి మన ఇళ్లలోనే అది గడ్డకడుతుంది, తోలు కూడా బిర్రబిగుస్తుంది. మర్నాటికి తోలు మెత్తబడి, అంచు వేళ్లతో విప్పితే గొట్టానికి సరిగ్గా అతుక్కుంది. పాతది పనికొస్తుంటే కొత్తది అమ్మకపోవడం ఈ కొట్టులో నాకు మొదట నచ్చిన విషయం.

పంపు గొట్టం అడుగున చిన్న వాల్వు ఒకటి ఉంటుంది. గాలి లోపలికి పోనిచ్చి, నూనెను వెనక్కి రానివ్వకుండా ఆపేది అదే. అది పాడైతే, గాలి కొట్టి వదిలేశాక పంపు రాడ్డు దానంతటదే పైకి లేచి వస్తుంది, పంపులోంచి కిరసనాయిలు ఊరుతుంది. ఈ రెండిట్లో ఏది కనిపించినా ఆ స్టవ్వు వెలిగించకండి. ఆ వాల్వు విప్పడానికి పొడుగాటి ప్రత్యేకమైన తాళంచెవిలాంటి పరికరం కావాలి. ఎందుకంటే అది గొట్టం లోపల, చేతికందనంత లోతున ఉంటుంది. గుంటూరులో ఎవరో దాన్ని పొడుగు మూతి కటింగ్ ప్లేయరుతో పట్టి తిప్పబోయి అంచులు అరగదీశారు. పెద్దాయన దగ్గర ఉన్న పరికరం ఆయనే ఇనుప కడ్డీ చివర ఆకురాయితో గాడి తీసి చేసుకున్నది, పిడి సైకిల్ హ్యాండిల్ ముక్క. అరిగిన అంచులకు తగినట్టు గాడిని ఇంకాస్త సన్నం చేసి, వేడినీళ్ల గుడ్డ చుట్టి, మూడోసారికి విప్పారు. అరగంట పట్టింది. విప్పాక లోపలున్న రబ్బరు బొడిపె మార్చి, స్ప్రింగు కడిగి, తిరిగి బిగించారు. ఈ ఒక్క పనికే ఆయనకు ఎంత ఇచ్చినా తక్కువే అనిపించింది నాకు.

బర్నరు గొట్టాల్లో ఏళ్ల తరబడి మాడిన నూనె నల్లటి పెచ్చుగా పేరుకుని ఉంటుంది. ఆయన బర్నరును పట్టకారుతో పట్టి, సన్నగా ఎర్రబడేదాకా కాల్చి, నీళ్లలో ముంచారు. అలా మూడుసార్లు. అతుకుల దగ్గర ఎక్కువ కాలిస్తే అతుకే విడిపోతుందట, అందుకని మంటను అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నారు. తర్వాత సైకిల్ బ్రేక్ కేబుల్‌లోంచి తీసిన ఒక్క తీగను గొట్టాల్లోకి పోనిచ్చి లాగితే, టీపొడిలా నల్లటి పొడి కాగితం మీద రాలింది. నేను ఆ కాగితం మడిచి తెచ్చుకున్నాను. మా పిల్లలకు చూపించాను.

నిపిల్ దగ్గర మాత్రం ఆయన నన్ను కాస్త గట్టిగానే మందలించారు. నిపిల్ రంధ్రం శుభ్రం చేయడానికి డబ్బాలో ఉన్న పిన్నుకు బదులు నేను కుట్టు సూదితో రంధ్రం పొడిచానని చెప్పాను. ఆ రంధ్రం మిల్లీమీటరులో మూడోవంతు కూడా ఉండదు. సూది దాన్ని వెడల్పు చేస్తుంది. వెడల్పయితే కాలాల్సినదానికన్నా ఎక్కువ ఆవిరి వస్తుంది, గాలి చాలదు, మంట పసుపు పచ్చగా మారి గిన్నె మసిబారుతుంది. "పిన్ను కొట్టడమంటే తట్టడమే అమ్మా, తవ్వడం కాదు" అన్నారు. ఆ నిపిల్ పనికిరాదన్నారు. ఒక పాత బర్నరులోంచి తీసిన స్వీడన్ నిపిల్ వేసి, నాది నాకే తిరిగిచ్చేశారు. తీసిన ప్రతి ముక్కనూ ఒక కవర్లో పెట్టి తిరిగిచ్చేయడం వాళ్ల అలవాటు. ఏది మార్చారో ఏది మార్చలేదో మనమే చూసుకోవచ్చు.

చివర్లో టాంకు. బర్నరు స్థానంలో మూత బిగించి, గాలి కొట్టి, బకెట్ నీళ్లలో ముంచారు. సైకిల్ ట్యూబు పంక్చర్ చూసినట్టే. ఒక్క బుడగ రాలేదు. ఆ నీళ్లలో నాన్నగారి టాంకును చూస్తూ నేను ఊపిరి బిగపట్టుకుని కూర్చున్నాను. టాంకు పగిలి ఉంటే ఇక చేయగలిగింది లేదని అంతకు ముందే చెప్పారాయన. నా ముందే మచిలీపట్నం నుంచి వచ్చిన ఒకాయనకు అలాగే చెప్పి పంపేశారు. ఆయన స్టవ్వుకు బర్నరు గొట్టం టాంకును కలిసేచోట వెంట్రుకవాసి పగులు ఉంది. టంకం పెట్టి ఇవ్వమని, ఎంతైనా ఇస్తానని ఆయన బతిమాలాడు. పెద్దాయన ఒప్పుకోలేదు. టంకం 183 డిగ్రీలకే కరగడం మొదలవుతుంది. ఆ చోటు మంటకు దగ్గర, ఒత్తిడి కూడా అక్కడే పడుతుంది. "అలంకారానికి పెట్టుకోండి, వెలిగించకండి" అని, డబ్బులు తీసుకోకుండా తిరిగిచ్చేశారు. కొంచెం కఠినంగా అనిపించవచ్చు. కానీ నా డాబా మీద లేచిన మంట చూశాక, ఒక మెకానిక్‌లో నేను కోరుకునేది ఇదే.

పెట్రోలు స్టవ్వులు కూడా అక్కడికొస్తాయి. నేనున్నప్పుడే హైదరాబాదు నుంచి ఎవరో ట్రెక్కింగు కుర్రాళ్లు పంపిన స్వియా 123 బల్ల మీద ఉంది. 1955లో వచ్చిన స్వీడన్ స్టవ్వే, చిన్న ఇత్తడి చెంబులా ఉంటుంది. దానికి పంపు లేదు. బర్నరు వేడికే టాంకు వేడెక్కి ఒత్తిడి పుడుతుంది, మరీ ఎక్కువైతే మూతలోని సేఫ్టీ వాల్వు తెరుచుకుంటుంది. ఆ వాల్వును తాను విప్పనని పెద్దాయన ముందే చెప్పేశారట. మిగతా భాగాలు మాత్రం శుభ్రం చేస్తారు. తెలియని పని తెలియదని చెప్పడం ఈ రోజుల్లో ఎంత అరుదో మీకు తెలుసు. ఆ సందర్భంలోనే నాకు గట్టిగా చెప్పారు: కిరసనాయిలు స్టవ్వులో పెట్రోలు గానీ, పెట్రోలు కలిపిన కిరసనాయిలు గానీ పొరపాటున కూడా పోయవద్దని. కిరసనాయిలు మామూలు వేడిలో నిప్పు చూపించినా వెంటనే అంటుకోదు. పెట్రోలు ఆవిరి మంచు కురిసేచోట కూడా అంటుకుంటుంది. కిరసనాయిలు కోసం చేసిన బర్నరు, పంపు దాన్ని తట్టుకోలేవు.

నచ్చనివి కూడా రాయాలి. నాలుగు రోజుల్లో ఇస్తానన్నారు, పదిహేడు రోజులు పట్టింది. మధ్యలో ఫోన్ చేస్తే కొడుకు ఎత్తి "అయిపోతుంది మేడమ్" అన్నాడు, అంతే. ఎక్కడి దాకా వచ్చిందో చెప్పలేదు. రెండోసారి నేను గుంటూరు నుంచి వెళ్లేసరికి కొట్టు మూసి ఉంది, ఆ రోజు రామని ఫోన్‌లో ఒక్క మాట చెప్పి ఉంటే నాకు ఒక పూట సెలవు మిగిలేది. దూరం నుంచి వచ్చేవాళ్లను గుర్తుపెట్టుకుని వాళ్లకు ఒక మెసేజ్ పెట్టడం ఆ అబ్బాయి నేర్చుకోవాలి, పని అంత బాగా చేస్తున్నాడు కాబట్టే ఈ మాట చెబుతున్నాను. బిల్లు ఇవ్వరు. సందులో బండి పెట్టుకునే చోటు లేదు, కారులో అసలు వెళ్లకండి. లోపల స్టూలు ఒక్కటే, పెద్దవాళ్లను తీసుకెళ్తే నిలబడాల్సి వస్తుంది.

డబ్బు విషయానికొస్తే, వాల్వు పని, బర్నరు శుభ్రం, నిపిల్, వాషర్లు అన్నీ కలిపి నాకు 780 రూపాయలు అయింది. ఫోన్‌పే తీసుకుంటారు. గుంటూరులో పాలిష్‌కు, ఆ రబ్బరు వాషరుకు నేను 600 ఇచ్చాను. పెద్దాయన పాలిష్ చేయరు. అడిగితే "చింతపండు ఉంది కదమ్మా ఇంట్లో" అన్నారు. నిజమే, చింతపండు గుజ్జు, ఉప్పు పట్టించి, కడిగి, గుడ్డతో తుడిస్తే సరిపోయింది. పాలిష్ మిషన్ మీద పెడితే ముద్రలు అరిగిపోతాయట. నాన్న స్టవ్వు అడుగు అక్షరం కొంచెం మసకబారింది ఆ పాలిష్ వల్లే.

స్టవ్వు ఇచ్చేముందు ఆయన వెలిగించి చూపించలేదు. నా చేత వెలిగించారు. నాకు భయమేసింది, చెప్పాను కూడా. "మీ ఇంట్లో నేనుండను కదమ్మా" అన్నారు. వీధిలోకి తెచ్చి, ఇటుక మీద పెట్టి, ఆయన పక్కన నిలబడ్డారు. టాంకులో ముప్పాతిక దాకానే నూనె, పైన గాలికి చోటు ఉండాలి. గాలి వదిలే మర తెరిచి ఉంచి, బర్నరు కింది గిన్నెలో స్పిరిట్ పోసి అంటించాలి. స్పిరిట్ అయిపోవస్తుండగా మర మూసి, నెమ్మదిగా మూడు నాలుగుసార్లు గాలి కొట్టాలి. బుస్సుమని నీలం మంట అందుకుంటే ఇంకొన్ని కొట్టవచ్చు. పసుపు మంట లేస్తే బర్నరు ఇంకా కాలలేదన్నమాట. అప్పుడు గాలి వదిలేసి, చల్లారనిచ్చి, మళ్లీ స్పిరిట్‌తో మొదలుపెట్టాలి. ఎక్కువ గాలి కొడితే సర్దుకుంటుందని అనుకోకూడదు. నా చేత రెండుసార్లు ఆర్పించి, రెండుసార్లు వెలిగించాక గానీ డబ్బాలో సర్దనివ్వలేదు. ఆ ఇరవై నిమిషాలకు ఆయన ఏమీ తీసుకోలేదు.

ఇంటికొచ్చాక డాబా మీద అర లీటరు నీళ్లు పెట్టి చూశాను. అయిదు నిమిషాలకు కాస్త ముందే తెర్లాయి. గిన్నె అడుగున మసి లేదు. కింద వంటింట్లో ఉన్న మా అమ్మకు ఎనభై ఏళ్లు. ఈ మధ్య చెవులు కొంచెం తగ్గాయి. స్టవ్వు వెలిగి కొంతసేపయ్యాక మెట్ల దగ్గర నిలబడి "గాలి తగ్గిందే, ఇంకో నాలుగు కొట్టు" అంది. నాకు తేడా తెలియలేదు. కొట్టి చూస్తే మంట నిజంగానే పుంజుకుంది. పెళ్లయిన కొత్తలో రెండేళ్లు ఆవిడ కాలువగట్టు డేరాలో ఈ స్టవ్వు మీదే వండిందని నాకు అప్పుడు చెప్పింది. ఆ చప్పుడు బట్టి ఎంత నూనె మిగిలిందో కూడా చెప్పగలదట. మర్నాడు పరీక్షించాను. పావు వంతు ఉందంది, ఒంపి చూస్తే దాదాపు అంతే.

డిసెంబరులో గుంటూరు దగ్గరి ఉప్పలపాడు పక్షుల చెరువుకు వెళ్లాం, పద్దెనిమిది మంది పిల్లలతో. చెరువు మీద గూడకొంగలు, ఎర్రకాళ్ల కొంగలు తెల్లవారకముందే కదులుతాయి. పక్షులకు ఇబ్బంది కలగకూడదని చెరువుకు దూరంగా, ఊళ్లో మాకు తెలిసినవాళ్ల పెరట్లో టీ కాచాం. చిన్న టాంకు, పట్టేది పావు లీటరు పైచిలుకే, అందరికీ నాలుగు విడతల్లో సరిపోయింది. స్టవ్వు ఆర్పి, పూర్తిగా చల్లారాకే మళ్లీ నూనె పోశాం. వేడి స్టవ్వులో నూనె పోయడం పిల్లలెవరూ చూసి నేర్చుకోకూడదు. ఒక అమ్మాయి వాళ్ల తాతయ్య ఇంట్లో ఇలాంటిదే ఉందని, అటక మీద తుప్పు పట్టి పడి ఉందని చెప్పింది. ఇత్తడికి తుప్పు పట్టదని, అది చిలుమని చెప్పి, వన్ టౌన్ కొట్టుకు దారి రాసిచ్చాను.

తర్వాత నేను ఇంట్లో చేసుకుంటున్నది పెద్దగా ఏమీ లేదు. నెలకోసారి పంపు రాడ్డు లాగి తోలుకు రెండు చుక్కల ఆముదం. వాడాక నూనె ఒంపేసి డబ్బాలో పెట్టడం, ఎందుకంటే నెలల తరబడి టాంకులో ఉంచిన కిరసనాయిలు జిగురుగా మారి నిపిల్‌ను పూడ్చేస్తుంది. పోసేటప్పుడు నూనెను పాత నూలు గుడ్డలో వడకట్టడం. బర్నరు బిగించిన ప్రతిసారీ, నూనె పోయకముందు ఖాళీ టాంకులో గాలి కొట్టి, అతుకుల మీద సబ్బు నీళ్లు రాసి బుడగలు వస్తాయేమో చూడటం. ఒక్క నిమిషం పని. ఇంట్లో తలుపులు మూసి ఎప్పుడూ వెలిగించను, డాబా మీదో పెరట్లోనో మాత్రమే.

కిరసనాయిలు దొరకడమే ఇప్పుడు అసలు సమస్య. ఒకప్పుడు రేషన్ మీద వచ్చే నీలం నూనె మా కార్డుకు రాక ఏళ్లయింది. తెల్ల కిరసనాయిలు కొన్ని రంగుల దుకాణాల్లో డబ్బాల్లో అమ్ముతున్నారు, ఎక్కడ దొరుకుతుందో కొట్టువాళ్లను అడిగితే చెబుతారు. టర్పెంటైను, థిన్నరు దాని పక్కనే అదే రకం డబ్బాల్లో ఉంటాయి కాబట్టి మూత తీసి వాసన చూసి కొనండి.

వెళ్లేటప్పుడు ఉదయం పదకొండు దాటాక వెళ్లండి, శుక్రవారం మధ్యాహ్నం కొట్టు కొంతసేపు మూస్తారు. స్టవ్వుతో పాటు డబ్బాలో ఉన్నవన్నీ, విరిగిన పిన్ను ముక్కతో సహా, తీసుకెళ్లండి. ఏది పనికొస్తుందో మనకన్నా ఆయనకే బాగా తెలుసు. నేను సంక్రాంతి తర్వాత మా పిన్నిగారి పెట్రోమాక్స్ పట్టుకెళ్తున్నాను. దానికి గ్లాసు చిమ్నీ లేదు, అది ఎక్కడైనా వెతికి ఉంచుతానని పెద్దాయన మాటిచ్చారు.